మందాయన వాయిదాలు

నారింజ చెట్టు కింద గొంతుక్కూర్చుని, ఒక లేత చిగురును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని విప్పుతున్నాడు మందాయన. ఆకు దొన్నెలా ముడుచుకుపోయింది. విప్పితే లోపల నల్లగా, జిగటగా, ఒకదానిమీదొకటి ఎక్కి కూర్చున్న పేనుబంక. పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు. నల్లవి ఎన్ని, ఉబ్బి గోధుమరంగుకు తిరిగినవి ఎన్ని. మొన్న నూటికి ఎనిమిది తిరిగాయి. నిన్న పదిహేను. ఇవాళ ఈ మొదటి చెట్టులోనే ఇరవై దాటాయి. లోలోపల ఎవరో చక్కిలిగింత పెట్టినట్టయింది అతనికి. చుట్టూ ఎవరూ లేరు కనక నవ్వాడు.

గోధుమరంగుకు తిరిగిందంటే ఆ పేను కథ ముగిసిందన్నమాట. గసగసాల గింజంత కందిరీగ ఒకటి దానిమీద వాలి, కడుపులో గుడ్డు పెట్టి పోతుంది. పిల్ల లోపలే పెరిగి, పేనును డొల్ల చేసి, వీపున గుండ్రంగా కన్నం వేసుకుని బయటికొస్తుంది. అలా వచ్చిన కందిరీగకు పేను అక్కర్లేదు, తేనె కావాలి. పాపం నోరు చిన్నది, లోతైన పూలలో దానికి అందదు. ధనియాల పూలూ సోంపు పూలూ అయితే పళ్లెంలో వడ్డించినట్టు ఉంటాయి. అందుకే చెట్ల వరసకూ వరసకూ మధ్య, బారెడు వెడల్పున ఈ పూల పట్టీలు. తిండి దొరికినచోట అది కాపురం పెడుతుంది, కాపురం పెట్టినచోట వేటాడుతుంది. ఇంత తెలిసినా మందాయన ఇప్పటిదాకా ఒక్క కందిరీగను కూడా కళ్లతో చూసి ఎరగడు. యాభై ఎనిమిదేళ్ల చూపుకు అది ఆనదు. అది చేసిపోయిన పనిని బట్టి, వచ్చి వెళ్లిందని నమ్ముతాడు.

మందాయన అన్న పిలుపు విని, కొత్తగా చేరిన కూలీలు ఇతను తాగుబోతేమో అనుకుంటారు. చుక్క ముట్టని మనిషి. ముప్పై నాలుగేళ్లు వీపుమీద పంపు మోసి ఈ తోటకు పురుగుమందు కొట్టాడు, అదీ ఆ పేరు కథ. వాసన పట్టే గుణం పదేళ్ల కిందటే పోయింది. కాలువగట్టు ఎక్కితే మధ్యలో ఒకసారి ఆగి, మోకాళ్లమీద చేతులు ఆనించి, ఆయాసం తీర్చుకోవాలి. భుజాలమీద పట్టీలు ఒరుసుకున్నచోట రెండు నల్లటి చారలున్నాయి, ఎంత రుద్దినా పోవు. నాలుగు నెలల కిందట తోట యజమాని కూతురు, అందరూ అమ్మాయిగారనే ఆవిడ, ఆ పంపును కొట్లో పెట్టించి, ఇతని చేతికి ధనియాల సంచీ ఇచ్చింది. పులిని తెచ్చి మేకలకు కాపలా పెట్టినట్టుందని కూలీలు నవ్వుకున్నారు.

మొదట్లో అతనొక పొరపాటు చేశాడు. బంతి విత్తనం తెమ్మంటే, పూలంటే పూలే కదా అని, అన్నిటికంటే బొద్దుగా ఉండే ముద్దబంతి ఏరికోరి తెచ్చి రెండు వరసలు వేశాడు. పిడికిలంత పూలు పూశాయి. దారినపోయేవాళ్లు ఆగి మరీ చూశారు. ఒక్క పురుగు మాత్రం వాలలేదు. రెక్కలన్నీ అంత ఒత్తుగా కూరుకుపోయి ఉంటే వాటికి తేనె ఎక్కడ అందుతుంది? రెక్కబంతి వేయాల్సింది. అమ్మాయిగారు కడుపుబ్బ నవ్వి, మీరు పూలు మనుషుల కోసం వేశారు అంది. ఆ మాట అతనికి నచ్చింది. మర్నాడు తనే అన్నీ పీకేసి ధనియాలు చల్లాడు.

రెండో చెట్టు దగ్గరికి జరుగుతుండగా, కాలువగట్టు దిగివస్తూ మేస్త్రి కనిపించాడు. తెస్తున్నది మంచి కబురు కాదని నడకలోనే తెలిసిపోతోంది. మేస్త్రి పరాయివాడేం కాదు, మందాయన భార్యకు సొంత తమ్ముడు. ఇతని సిఫారసు మీదే తోటలో చేరి, ఇతనికే పైవాడయ్యాడు. మామూలుగా అయితే వస్తూనే ఏదో ఒక వేళాకోళం ఆడేవాడు.

“బావా, ఇవాళ మందు కొట్టాలి. అయ్యగారు చెప్పారు.”

“అమ్మాయిగారు వచ్చేదాకా పంపు ముట్టుకోవద్దన్నారుగా.”

“ఆ మాటా అన్నాను. నా తోటలో మందు కొట్టడానికి నా కూతుర్ని అడగాలా అన్నారు.”

జరిగింది మేస్త్రి ముక్కలు ముక్కలుగా చెప్పాడు. నిన్న సాయంత్రం పక్కతోట ఆసామి వచ్చి వరండాలో కూర్చుని, టీ తాగి, మీ చెట్లకు చిగుళ్లన్నీ ముడుచుకుపోయాయి, ఆ తెగులు రేపు గట్టు దాటి నా తోటకొస్తుంది, పూలు పెంచుకోవడానికి నారింజ తోటే దొరికిందా అని అడిగి వెళ్లాడు. అయ్యగారు పెద్దాయన, రెండు కళ్లలోనూ శుక్లాలు. చేతిలోని ఆకు కూడా మసకగా కనబడుతుంది. తన కళ్లు లేనివాడికి పక్కవాడి కళ్లే దిక్కు. రాత్రంతా నిద్రపోలేదట. పొద్దున్నే మేస్త్రిని పిలిచి, చీకటి పడేలోపు మందు పడాలి, పడకపోతే నువ్వూ మీ బావా రేపట్నుంచి రానక్కర్లేదు అన్నాడు. అమ్మాయిగారు విత్తనాల పనిమీద పట్నం వెళ్లింది, రేపు మధ్యాహ్నానికి గానీ రాదు.

మేస్త్రి పరిస్థితి కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మొన్నమొన్ననే రెండో పిల్ల పుట్టింది. బావ మొహంలోకి చూడకుండా, పక్కనున్న ధనియాల మొక్కను చూస్తూ నిలబడ్డాడు.

మందాయన నోట్లో నాలుక లేని మనిషి. ముప్పై నాలుగేళ్లలో యజమాని మాటకు కాదని అనలేదు. అనడం ఎలాగో కూడా తెలియదు. కానీ ఒక్క విడత మందు పడితే ఏమవుతుందో తోటలో అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. నల్లవీ చస్తాయి, గోధుమరంగువీ చస్తాయి, పూలమీద ఉన్నవన్నీ రాలిపోతాయి. పదిహేను రోజులు తిరిగేసరికి పేనుబంక ఎక్కణ్ణించో మళ్లీ వస్తుంది. కందిరీగ రాదు. ఇన్నేళ్లూ పదిహేను రోజులకోసారి కొట్టినా పేనుబంక పోలేదంటే, ఇంతకాలం చస్తున్నది ఎవరో అతనికి ఈ నాలుగు నెలల్లోనే అర్థమైంది. ఆ అర్థం కావడం అతన్ని బాగా బాధపెట్టింది.

చేతిలో ఉన్న ఆకువైపు చూశాడు. అంచున నీటిచుక్క వేలాడుతోంది.

“మంచు ఆరలేదురా,” అన్నాడు. “తడి ఆకుమీద మందు నిలవదు. ఎండ ఎక్కనీ.”

అది నిజమే. మందు కొట్టేవాళ్లకు నేర్పే మొదటి రూలు అదే. ఆ రూలు ఇద్దరికీ తెలుసు, దాన్ని ఈ తోటలో ఎన్నడూ ఎవరూ పాటించలేదనీ తెలుసు. సరే ఎనిమిదింటికి అని మేస్త్రి వెళ్లిపోయాడు. ఆ దొరికిన గంటలో మందాయన ఆరు చెట్లు లెక్కపెట్టాడు.

ఎనిమిదింటికి కొట్టు తాళం తీశారు. పంపు మూలన బూజు పట్టి ఉంది. మందాయన దాన్ని వెలుతురులోకి తెచ్చి, మంచినీళ్లు పోసి, పిడి ఆడించాడు. అడుగునుంచి, పైపు అతుకు దగ్గరనుంచి ధారలు కట్టాయి. నాలుగు నెలలు ఎండి వాషర్లు బీటలువారాయి. కారే పంపు వీపున వేసుకోకూడదన్నది రెండో రూలు. అతను వేసుకున్నాడు, ఒకసారి కాదు, ఎన్నో ఏళ్లు. నడుం కిందినుంచి కాళ్లదాకా తడిసిన పంచెతో రోజంతా తిరిగాడు. ఆ సంగతి ఎత్తకుండా, కారుతోంది చూడు అని మాత్రం అన్నాడు. మేస్త్రి నొసలు చిట్లించి, బండి తీసి, వాషర్ల కోసం రోడ్డుమీది కొట్టుకు పోయాడు. ఈలోపు మందాయన నాజిలు విప్పి, గడ్డిపుల్లతో కన్నం శుభ్రం చేశాడు. చేతులు కట్టుకు కూర్చున్నాడని ఎవరూ అనుకోకూడదు కదా. పనిలో దొంగబుద్ధి అతనికి లేదు, ఈ రోజు కూడా రాలేదు. ఉన్న రూళ్లను ఉన్నట్టు చెబుతున్నాడు, అంతే.

వాషర్లు వచ్చి, బిగించి, పంపు కారడం ఆగేసరికి పది కావస్తోంది. అప్పుడు గాలి లేచింది. మందాయన చిటికెడు దుమ్ము తీసి తలకంటే ఎత్తున వదిలాడు. అది ఏటవాలుగా పశువుల తొట్టివైపు కొట్టుకుపోయింది.

“గాలి ఉంది.”

“గాలి లేని రోజుండదు బావా.”

“తొట్టిలో పడుతుంది. ఆవులు తాగుతాయి.”

మేస్త్రి చేత్తో నుదురు రుద్దుకున్నాడు. ఆలస్యం అమృతం విషం అంటారు, నువ్వు దేనికోసం ఆగుతున్నావో నాకు తెలియదనుకోకు అన్నాడు. అమృతం సంగతేమో గానీ, ఆగితే విషమే కాస్త విరుగుతుందని మందాయన ఆశ. పైకి అనలేదు. తలొంచుకుని పంపు పట్టీల మురికి తుడిచాడు. మేస్త్రి పెద్దాయన దగ్గరికి కబురు మోసుకెళ్లి, తిరిగొచ్చాడు. వెళ్లేటప్పటికంటే వచ్చేటప్పుడు మొహం ఇంకా చిన్నదైంది. గాలి తగ్గగానే మొదలుపెట్టాలి, నేనిక్కడే కూర్చుని పంపు చప్పుడు వింటాను అన్నాడట పెద్దాయన.

పదకొండింటికి గాలి తగ్గనే తగ్గింది. కానీ అప్పటికి పూలన్నీ పూర్తిగా విచ్చుకుని, పట్టీలమీద తేనెటీగలు కమ్ముకున్నాయి. తోటంతా సన్నగా రొద.

“ఇవి ఎవరి ఈగలో తెలుసా?” అన్నాడు మందాయన.

మేస్త్రికి ముందు అర్థం కాలేదు. తర్వాత గట్టు అవతలికి చూశాడు. పక్కతోటలో, చెట్లనీడన, ఆసామి పెట్టుకున్న తేనె పెట్టెలు పది తెల్లగా కనబడుతున్నాయి. మీ పూలవల్ల నా తోట చెడుతోందని నిన్న గోల చేసిన మనిషి ఈగలన్నీ పొద్దుణ్ణించి ఈ పూలమీదే బతుకుతున్నాయి. ఇప్పుడు మందు కొడితే సాయంత్రానికి పెట్టెలన్నీ ఖాళీ, రేపు ఉదయానికి అయ్యగారి గుమ్మంలో ఆసామి. మేస్త్రికి రోజు మొత్తంమీద మొదటిసారి నవ్వొచ్చింది. ఆ కబురు కూడా మోసుకెళ్లాడు. ఈసారి జవాబు తొందరగా వచ్చింది. అయితే ఈగలు ఇంటికెళ్లాక కొట్టమను.

మధ్యాహ్నం భార్య అన్నం తెచ్చింది. కొట్టు నీడలో ఇద్దరూ కూర్చున్నారు. ఆమె అన్నం విప్పిపెట్టింది. దారిలో తమ్ముణ్ణి చూసే వచ్చింది.

“మంచు, గాలి, ఈగలు. ముప్పై నాలుగేళ్లు గుర్తురాని రూళ్లు ఇవాళే గుర్తొచ్చాయా?”

“అప్పుడూ గుర్తున్నాయి,” అన్నాడతను. “చెప్తే ఎవరు వింటారని చెప్పలేదు.”

ఆమె నీళ్ల చెంబు అతనివైపు జరిపింది. తమ్ముడి ఉద్యోగం ఒక పక్క, మొగుడి ఊపిరితిత్తులు ఒక పక్క. ఏ పక్కకు మాట్లాడినా ఇంకో పక్క తెగుతుంది. అందుకని కూర ఇంకాస్త వేసుకోమంది.

పంపు మోసిన రోజుల్లో అతను తోటనుంచి వస్తే వీధి గడప దాటేవాడు కాదు. పెరటివైపు వచ్చి, బట్టలు విప్పి, కర్రతో బకెట్లో వేసి, రెండుసార్లు ఒళ్లు రుద్దుకున్నాకే లోపలికి. కూతురు పరుగెత్తుకొస్తే అక్కడే ఆగు అని అరిచేవాడు. ఆరడుగుల దూరం. పిల్ల దాన్ని పాఠంలా నేర్చుకుంది. ఇప్పుడు పెళ్లయి, వేరే ఊళ్లో కుట్టుపని చేసుకుంటూ, ఏడాదికి రెండుసార్లు వస్తుంది. ఇప్పటికీ తండ్రిని చూడగానే ఆరడుగుల దూరంలో ఆగి, అక్కణ్ణించే బాగున్నావా నాన్నా అంటుంది. ఆగుతున్నట్టు ఆమెకు తెలియదు. అతనికి మాత్రం ప్రతిసారీ గుండెలో కలుక్కుమంటుంది. ఈ నాలుగు నెలలూ చేతులకు మట్టి తప్ప ఏమీ అంటలేదు. సాయంత్రం కాళ్లు కడుక్కుని నేరుగా గడప దాటి, మంచమ్మీద భార్య పక్కన కూర్చుంటున్నాడు. వయసు మళ్లాక కొత్తకాపురం పెట్టినట్టుంది. ఇలాంటివి నోరు తెరిచి ఎవరికి చెప్పుకుంటాడు? మళ్లీ ఒక్కసారి ఆ పంపు భుజానికెత్తితే మళ్లీ పెరటిదారే.

చేయి కడుక్కుంటూ ఛాతీమీద అరచేయి ఆనించుకున్నాడు. ఆమె చూసింది. బరువుగా ఉంది, అన్నం ఎక్కువైంది అన్నాడు. ఆమె నమ్మలేదు గానీ, కాసేపు ఆ నీడలోనే ఉండమని చెప్పి వెళ్లింది. ఆమె వీపు కనబడుతున్నంతసేపూ ఉన్నాడు. తర్వాత లేచి పదకొండో చెట్టు దగ్గరికి వెళ్లాడు.

మధ్యాహ్నమంతా ఎండ రూలు నడిచింది. మిట్టమధ్యాహ్నం మందు కొడితే ఆకు మాడుతుంది. మేస్త్రి దానికి ఎదురు చెప్పలేదు. ఎందుకంటే అప్పటికి మేస్త్రికొక సంగతి అర్థమైంది, మందాయనకైతే పొద్దుణ్ణించీ తెలుసు. ఆ రూళ్లన్నీ కలిపి చూస్తే అవి చెప్పేది ఒక్కటే: మందు కొట్టడానికి సరైన వేళ సాయంత్రం. సాయంత్రానికి మంచు ఉండదు, గాలి పడిపోతుంది, ఈగలు గూటికి చేరతాయి, ఎండ చల్లారుతుంది. ఒక్కో వాయిదాకూ మందాయన వేసిన అడుగు అటువైపే. ఇంకో రూలు కల్పిద్దామంటే అతనికి చేతకాదు. అబద్ధం ఆడితే చెవులు ఎర్రబడతాయి, చిన్నప్పట్నుంచీ అంతే.

అతను చెట్టునుంచి చెట్టుకు వేగంగా వెళ్లాడు. ముప్పై. ముప్పై ఒకటి. ఇరవై ఎనిమిది. ఒక చెట్టులో సగానికి సగం తిరిగాయి. ఇంకో రెండు రోజులు, మహా అయితే మూడు. ఎండ వాలుతున్నకొద్దీ చెట్ల నీడలు పూల పట్టీలమీదికి జరుగుతున్నాయి. రొద పలచబడింది. గట్టు అవతలికి చివరి ఈగలు పోతున్నాయి. అతను వాటిని ఆపగలిగితే ఆపేవాడే.

ఐదున్నరకు ఆకు కూడా కదలడం మానేసింది. మేస్త్రి పంపునిండా నీళ్లు పోసి తెచ్చి, మొదటి వరస చివర దించాడు. జేబులోంచి మందు సీసా తీసి, సీలు చింపి, మూతతో కొలత పట్టబోతూ ఆగాడు.

“ఇక ఏ రూలూ లేదు కదా బావా?”

మందాయన ఆలోచించాడు. నిజాయితీగానే ఆలోచించాడు.

“లేదు.”

“అయితే వేసుకో.”

“వేసుకోను.”

మెల్లగానే అన్నాడు. ఇంత చిన్నమాటకు ముప్పై నాలుగేళ్లు పట్టిందా అని అతనికే వింతగా అనిపించింది. చెట్టు మొదలు పట్టుకున్నాడు. మేస్త్రి అరవలేదు, తిట్టలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నా పిల్లల మొహం చూడు అనలేదు గానీ, అనకపోయినా వినబడింది. సీసా గట్టుమీద పెట్టి, వంగి, పంపు తనే భుజానికెత్తుకోబోయాడు. ఎప్పుడూ మోసినవాడు కాదు, పట్టీ మెలిపడింది. ఆ మెలి తీయబోయి మందాయన చేయి వెనక్కి తీసుకున్నాడు.

అప్పుడే కర్రతో నేల తడుముకుంటూ పెద్దాయన వచ్చాడు. పంపు చప్పుడు వినబడకపోయేసరికి ఆగలేక తనే బయల్దేరాడు. తోట దారి ఆయన కాళ్లకు కళ్లకంటే బాగా తెలుసు.

“ఏం, ఇంకా ఏం అడ్డొచ్చింది?”

“ఏమీ లేదు అయ్యగారూ,” అన్నాడు మందాయన. “నేనే కొట్టనన్నాను. వాడి తప్పు లేదు.”

పెద్దాయన గొంతువచ్చినవైపు మొహం తిప్పాడు. చెప్పిన పని చేయలేదని కాదు, ఈ మనిషి నోట ఆ మాట రావడమే ఆయనకు కొరుకుడు పడలేదు. మా నాన్న కట్టిన తోట, నా కళ్లముందు ఎండబెడతావా అన్నాడు. కళ్లముందు అని అన్నాక ఆయనకే ఏదోలా అయింది, కర్రను నేలకు గుచ్చాడు.

“మీరు చూడలేరు, నేనూ సరిగా చూడలేను,” అన్నాడు మందాయన. “చేయి ఇవ్వండి.”

ఇన్నేళ్లలో ఆ చేతిని అతను ముట్టుకున్నది లేదు. కొమ్మ చివర తుంచి, ముడుచుకున్న ఆకు విప్పి, పెద్దాయన చూపుడువేలును దానిమీద ఆనించాడు.

“ఇది మెత్తగా ఉంది, చేతికి జిగురంటుతోంది కదా. ఇది బతికున్న పేను. ఇటు రండి. ఇది?”

వేలు జరిగి, ఆగింది. మళ్లీ వెనక్కి వచ్చి, మళ్లీ అక్కడే ఆగింది.

“ఆవగింజలా ఉంది.”

“అది చచ్చింది. లోపల ఇంకోటి ఉంది. మనం చంపింది కాదు.”

పెద్దాయన ఆకంతా తడిమాడు. ఇంకో ఆకు అడిగాడు. మేస్త్రి సగం ఎత్తిన పంపుతో అలాగే వంగి ఉన్నాడు. వేలికి ఎన్ని గింజలు తగులుతున్నాయో పెద్దాయన పైకి అనలేదు, పెదవులు మాత్రం కదిలాయి. లోపల ఉందని నువ్వంటే నేను నమ్మాలా అని అడిగాడు చివరికి. గొంతులో కోపం తగ్గలేదు, కానీ అది ప్రశ్నే.

మందాయన మేస్త్రిని ఇంట్లోంచి ఒక ఖాళీ గాజుసీసా తెమ్మన్నాడు. కాఫీపొడి సీసా ఒకటి వచ్చింది. గోధుమరంగు గింజలు ఎక్కువగా ఉన్న ఆకు ఏరి అందులో వేసి, తలగుడ్డ అంచు చింపి మూతికి కట్టి, పెద్దాయన రెండు చేతుల్లో పెట్టాడు. కిటికీలో పెట్టుకోండి అన్నాడు.

“మూడు రోజులు. ఇందులోంచి ఏమీ బయటికి రాకపోతే పంపు నేనే వేసుకుంటాను. అప్పుడు రూళ్లు చెప్పను.”

పెద్దాయన సీసాను చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు. ఏ చప్పుడూ లేదు.

“మూడు రోజులే,” అన్నాడు.

మేస్త్రికి ఊపిరి వచ్చింది. పంపులోని నీళ్లు చెట్టు మొదట్లో ఒంపేసి, మందు సీసా మూత బిగించి, ముందు పెద్దాయనను చేయిపట్టుకుని ఇంటిదాకా దిగబెట్టాడు, తర్వాత పంపును కొట్లో పెట్టి తాళం వేశాడు. తిరిగివచ్చేసరికి బావ వరస చివర, చెట్టు మొదలుకు వీపు ఆనించి, పూలలో కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నాడు. ధనియాల పూలు ఛాతీ ఎత్తున ఉన్నాయి. చల్లగా ఉంది, కాసేపు కూర్చోవాలనిపించి ఉంటుందని మేస్త్రి కూడా పక్కనే కూలబడ్డాడు. పొద్దుణ్ణించి బిగబట్టుకున్నదంతా ఒకేసారి వదిలాడు. నన్ను చంపావు కదా బావా, అక్క దగ్గర చెప్తానుండు, సాయంత్రందాకా నడిపించి చివర్లో వేసుకోను అంటావా, ఆ మాటేదో పొద్దున్నే అంటే సరిపోయేది కదా అని నవ్వుతూ మాట్లాడుతూనే ఉన్నాడు. జవాబు రాకపోవడం మామూలే. బావ ఎప్పుడు జవాబు చెప్పాడు గనక. భుజంమీద చేయి వేస్తే, ఆ భుజం ఇటు వాలింది. అప్పుడు మాట్లాడడం ఆపాడు.

అమ్మాయిగారు మర్నాడు వచ్చేసరికి అంతా అయిపోయింది. విత్తనాల సంచీలు వరండాలో దించి, ఏడుస్తూ మందాయన ఇంటికి వెళ్లింది. ఆ రెండు రోజులూ తోటలో పని జరగలేదు. పక్కతోట ఆసామి వచ్చి, మందు ఎప్పుడు కొట్టిస్తావని వరండాలో అడిగితే, మూడు రోజులని మాట ఇచ్చాను అన్నాడు పెద్దాయన. ఎవరికి ఇచ్చావని ఆసామి అడిగాడు. పెద్దాయన కర్ర అందుకుని లోపలికి వెళ్లిపోయాడు.

మూడో రోజు ఉదయం కూతుర్ని కిటికీ దగ్గరికి పిలిచాడు. సీసాను ఆమె వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. కళ్లు గాజుకు ఆనించి చూసింది.

“ఏమైనా ఉందా?”

“ఉన్నాయి నాన్నా. గసగసాలంత. గాజుమీద నడుస్తున్నాయి. రెక్కలున్నాయి.”

“ఎన్ని?”

ఆమె లెక్కపెట్టింది. కదులుతుంటే లెక్క తప్పి, మళ్లీ మొదట్నుంచి పెట్టింది.

“పద్నాలుగు.”

పెద్దాయన సీసా తనకిమ్మని చేయి చాపాడు. వేలితో గాజుమీద మెల్లగా రాసి చూశాడు, అవతలున్నవి చేతికి తెలిసేవి కావు.

“అతను చూశాడా వీటిని, ఎప్పుడైనా?”

“లేదు నాన్నా. తనకు ఆనవు అనేవాడు.”

కూతురు వెంట రాబోతే వద్దన్నాడు. కర్ర ఒక చేత్తో, సీసా ఒక చేత్తో, ఒక్కడే తోటలోకి వెళ్లాడు. మొదటి వరస చివరిదాకా నడిచి, కర్రను చెట్టుకు ఆనించి, మెల్లగా కింద కూర్చున్నాడు. చింపిన గుడ్డముక్క ముడి ఆయన వేళ్లకు ఒక పట్టాన రాలేదు. వచ్చాక సీసాను పూలమధ్య ఒక పక్కకు పడుకోబెట్టి, లోపల ఉన్నవి ఎంతసేపట్లో బయటికి పోతాయో తెలియక, ఎండ ఎక్కేదాకా పక్కనే కూర్చుని, లేచి ఇంటికి పోయాడు. సీసా ధనియాల మొదళ్లమధ్య, మూతి తెరుచుకుని, అక్కడే ఉంది. అందులో ఎండిపోయి ముడుచుకున్న నారింజ ఆకు ఒకటి.